చెట్టు లేని చోట పాట

మన ఊళ్లలో వసంతం కొమ్మ మీది నుంచి వినిపిస్తుంది. మామిడి గుబురులో కోయిల, రావిచెట్టు చిటారున కంసాలి పిట్ట, కరెంటు తీగ మీద పసుల పోలిగాడు. పాడదలుచుకున్న పిట్ట ముందుగా ఎత్తైన చోటు చూసుకుంటుంది. గొంతు దూరం వెళ్లాలి, తాను నలుగురికీ కనపడాలి. ఇది నా జాగా, ఇటు రావద్దని సాటి మగవాటికి చెప్పాలి. గూటికి చోటుంది రమ్మని ఆడదానికి చెప్పాలి. ఈ రెండు పనులకూ కొమ్మను మించిన వేదిక లేదు. మరి కనుచూపు మేరలో చెట్టన్నదే లేకపోతే పిట్టలు ఏం చేస్తాయి?

ఆ సంగతి తెలియాలంటే ఏప్రిల్ మొదటి వారంలో ఇంగ్లండ్ ఉత్తరానున్న అప్పర్ టీస్‌డేల్‌లో ఒక రోజు గడపాలి. పెన్నైన్ కొండల్లో అన్నిటికన్నా ఎత్తైన క్రాస్ ఫెల్ (893 మీటర్లు) వాలులో టీస్ నది పుడుతుంది. అక్కడి నుంచి నల్లటి డోలరైట్ రాతి మెట్ల మీదుగా దూకుతూ, కాల్‌డ్రన్ స్నౌట్, హై ఫోర్స్ అనే జలపాతాలు దాటి, చివరికి ఉత్తర సముద్రంలో కలుస్తుంది. ఆ రాయి వయసు దాదాపు 29 కోట్ల ఏళ్లు. భూగర్భం నుంచి తన్నుకొచ్చిన శిలాద్రవం సున్నపురాతి పొరల మధ్య చొరబడి గడ్డకడితే ఏర్పడింది. నదికి రెండువైపులా పరుచుకున్నదే మూర్. ఎప్పుడూ తడిగా ఉండే పీట్ నేల, దాని మీద మోకాలి ఎత్తు హెదర్ పొదలు, జమ్ముగడ్డి, నాచు. కిందికి వస్తే రాతి గోడల మధ్య గొర్రెలు మేసే పచ్చిక బీళ్లు, అక్కడక్కడ సున్నం కొట్టిన తెల్లటి రైతుల ఇళ్లు. మనకు వడగాడ్పులు మొదలయ్యే వేళకు అక్కడ గట్ల చాటున ఇంకా మంచు ముద్దలుంటాయి.

నాతో వచ్చిన మా బావమరిది మిడిల్స్‌బరోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పిట్టల మీద ఆసక్తి కన్నా నా మీద మొహమాటమే అతన్ని తెల్లవారుజామున నిద్ర లేపింది. లాంగ్డన్ బెక్ అనే పల్లె దాటాక కారు ఆపి బయటికి చూసి అతను అడిగిన మొదటి మాట: "బావా, ఒక్క చెట్టయినా లేదు కదా, ఇక్కడ పిట్టలు ఎక్కడ వాల్తాయి?"

ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకు జవాబే.

మొదటి జవాబు నేల మీదే దొరికింది. కారు దిగకూడదు. మనిషి ఆకారం కనపడితే చెదిరిపోయే నల్ల గ్రౌస్ పక్షులు రోడ్డు పక్కన ఆగిన కారును పట్టించుకోవు. అద్దం సగం దించుకుని, ఇంజన్ ఆపుకుని కూర్చోవాలి. ఇంకా పొద్దు పొడవలేదు. గొర్రెలు పొట్టిగా మేసి వదిలిన బీడులో ముందు తెల్లటి చుక్కలు కదిలాయి. వెలుతురు వచ్చేకొద్దీ ఆ చుక్కలు తోకల కింది ఈకలని తెలిసింది. నీలిమెరుపు నలుపులో ఉన్న మగ పక్షులు రెక్కలు కిందికి వాల్చి, వీణ వంపు తిరిగిన తోకలను విప్పి, కింది తెల్లటి ఈకలను గుత్తిగా పైకి నిలబెట్టాయి. కళ్లపైన ఎర్రటి కండ ఉబ్బి ఉంది. మెడ ముందుకు చాచి, ఒకదానికొకటి ఎదురుగా నిలబడి, ఆగకుండా మంద్రంగా గునుస్తున్నాయి. మధ్యమధ్య ఒకటి ఎగిరి, గట్టిగా తుమ్మినట్టు బుస్సుమంటుంది. సంక్రాంతి కోడిపుంజుల్లా ఎదురెదురుగా ఎగిరి తన్నుకుంటాయి గానీ, ఇక్కడ కత్తులూ లేవు, పందేలూ లేవు. నాలుగు ఈకలు రాలేసరికి ఎవరి జాగాకు వాళ్లు వెనక్కి వస్తారు.

ఇలా మగవి ఒకచోట చేరి ప్రదర్శన ఇచ్చే ఏర్పాటును లెక్ అంటారు. లెక్ చేసే చోట్లు ఏళ్ల తరబడి మారవు. ఆ బీడులో కంచె ఏదీ కనపడదు, కానీ ప్రతి మగదానికీ ఇంత అని హద్దుంది. మధ్యలో జాగా సంపాదించిన ఒకటి రెండు పక్షులకే జతకట్టే అవకాశాల్లో సింహభాగం దక్కుతుంది. ఆడ పక్షులు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో. మేం చూసేది ఆ పరీక్షకు ముందు సీట్ల కోసం జరిగే పోటీ. మగది గూడు కట్టదు, పొదగదు, పిల్లలను సాకదు. ఆడది దాని దగ్గర తీసుకునేది జన్యువులను మాత్రమే. అందుకే అంత నిశితంగా చూసి ఎంచుకుంటుంది. ఇంగ్లండ్‌లో మిగిలిన నల్ల గ్రౌస్‌లలో అత్యధికం ఈ ఉత్తర పెన్నైన్ కొండల్లోనే ఉన్నాయి.

కొమ్మ లేకుండా, నేల మీద నిలబడి చేసే ఈ గొణుగుడు కిలోమీటరు దూరంలో ఎలా వినపడుతోంది? రెండు కారణాలు. ఒకటి, మంద్రస్వరాన్ని గడ్డీ నేలా తక్కువగా పీల్చుకుంటాయి. రెండోది ఆ వేళ. గాలి లేని, మబ్బు లేని తెల్లవారుజామున నేలనానుకున్న గాలి బాగా చల్లబడి, దానిపై పొర కాస్త వెచ్చగా ఉంటుంది. వెచ్చటి గాలిలో ధ్వని కొంచెం వేగంగా వెళ్తుంది కనుక పైకి పోబోయే తరంగం మళ్లీ నేల వైపు వంగుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కితే కథ తిరగబడుతుంది. శబ్దం పైకి వంగి చెదిరిపోతుంది. ఎనిమిది గంటల లోపే గ్రౌస్‌లు ఒక్కొక్కటిగా హెదర్‌లోకి జారుకున్నాయి.

అప్పటికి ఆకాశం మొదలయింది.

లెక్ జరిగిన బీడుకు కింద, నది వైపు, తడి పచ్చికలో ల్యాప్‌వింగ్‌లు కనిపించాయి. మన పొలాల్లో రాత్రీ పగలూ అరిచే తీతువుకు దగ్గరి చుట్టం, రెండిటిదీ ఒకే ప్రజాతి. మనవాళ్లు తీతువు అరిస్తే కీడు శంకిస్తారు. ఇంగ్లండ్‌లో ల్యాప్‌వింగ్ కష్టం వేరు. దాని గుడ్లు విందుభోజనాల్లో గొప్ప వంటకం కావడంతో బుట్టలకొద్దీ ఏరుకుపోయేవారు. 1928లో దీని కోసమే ప్రత్యేకంగా ఒక రక్షణ చట్టం చేయాల్సి వచ్చింది.

బైనాక్యులర్స్‌లో ఒక మగదాన్ని పట్టుకుని చూశాను. దూరం నుంచి నలుపు తెలుపులుగా కనపడే పక్షి ఎండ పడగానే ఆకుపచ్చ, ఊదా, రాగి రంగులుగా మారింది. తల వెనక సన్నటి పొడవాటి జుట్టు గాలికి ఊగుతోంది. వెడల్పాటి గుండ్రటి రెక్కలతో నేలనంటి మెల్లగా కొట్టుకుంటూ వచ్చి, హఠాత్తుగా నిట్టనిలువుగా లేచి, పైన ఒరిగి, తలకిందులుగా కూలినంత పని చేసి, గడ్డి తగలబోయే క్షణంలో సర్దుకుంది. కూలేటప్పుడు 'పీ-విట్' అని కీచుమనే కేక. అది పక్కనుంచి పోతుంటే రెక్కల చప్పుడు బరువుగా 'వుప్, వుప్' మని వినపడింది. కాసేపటికి దిగి, రొమ్ము నేలకానించి కాళ్లతో వెనక్కి తవ్వుతూ ఒక గుంట చేసింది. తోక పైకెత్తి దాని కింది తుప్పురంగు ఈకలను పక్కనున్న ఆడదానికి చూపించింది. మగది ఇలాంటి గుంటలు చాలానే తవ్వుతుంది, ఆడది ఒకటి ఎంచుకుని అందులో నాలుగు గుడ్లు పెడుతుంది. గూడంటే అంతే. కొమ్మ లేదు కనుక పాట గాలిలో, గూడు నేలలో.

ఆ వెనకే కర్లూ. పొడవాటి కాళ్లు, కొడవలిలా కిందికి వంగిన ముక్కు. ఆడదాని ముక్కు మగదాని కన్నా పొడవు, 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ముక్కు చివర స్పర్శ తెలిసే నరాలు కిక్కిరిసి ఉంటాయి. మట్టిలోకి దించాక లోపలే ఆ కొసను కొద్దిగా తెరిచి వానపామును పట్టుకోగలదు. చలికాలమంతా సముద్రపు బురదలో గడిపి ఫిబ్రవరి, మార్చిలో ఈ కొండలెక్కుతుంది. ఇదే జాతికి చెందిన తూర్పు కర్లూలు మన కోరింగ దగ్గరా, పులికాట్‌లోనూ చలికాలం గడుపుతాయి. అక్కడ వాటి అరుపు ఒకే విషాదపు కూత. ఈ మూర్ మీద వినిపించేది వేరు. పక్షి టపటపా రెక్కలు కొట్టుకుంటూ పైకెక్కి, అక్కడి నుంచి రెక్కలు చాచి జారుతూ, నెమ్మదిగా మొదలుపెట్టి, వేగం పెంచి, చివరికి నీళ్లు పొంగినట్టు గలగలమనే గొంతు విప్పుతుంది. ప్రపంచంలో గూడు కట్టే ఈ జాతి కర్లూలలో నాలుగో వంతు వరకు బ్రిటన్‌లోనే ఉన్నాయని అంచనా. 1990ల మధ్య నుంచి అక్కడ వాటి సంఖ్య సగానికి పడిపోయింది. 2015లో బ్రిటన్ దాన్ని అత్యంత ఆందోళనకర స్థితిలో ఉన్న పక్షుల రెడ్ లిస్ట్‌లో చేర్చింది.

మా బావమరిది నిజంగా ఆశ్చర్యపోయింది మాత్రం కనపడని పిట్టకు. జమ్ముగడ్డి మీద, ఎక్కడో ఆకాశంలో, మేకపిల్ల వణుకుతూ అరిచినట్టు ఒక శబ్దం. ఆగుతుంది, పది పదిహేను సెకన్లకు మళ్లీ వస్తుంది. అతను గొర్రెల మంద వైపు చూశాడు. నేను పైకి చూపించాను. చాలా ఎత్తులో ఒక చుక్క గుండ్రంగా తిరుగుతూ, ఏటవాలుగా కిందికి దూకి, మళ్లీ పైకెక్కుతోంది. దూకినప్పుడల్లా ఆ శబ్దం.

అది స్నైప్. ఆ శబ్దం దాని గొంతుది కాదు, తోకది. 19వ శతాబ్దం మధ్యలో స్టాక్‌హోమ్ మ్యూజియంలో పనిచేసిన విల్హెల్మ్ మేవెస్ దీన్ని ఎంతో సులువుగా రుజువు చేశాడు. స్నైప్ తోక చివరి ఈకను తీగకు కట్టి గాలిలో విసురుగా తిప్పాడు. ఈక అరిచింది. దూకేటప్పుడు స్నైప్ తోకలో అటూ ఇటూ చివరనున్న రెండు ఈకలను మిగతా వాటి నుంచి విడదీసి అడ్డంగా చాపుతుంది. ఈక అంటే మధ్యలో ఈనె, రెండువైపులా జాలు. గాలి వేగంగా తగిలినప్పుడు ఈ ఈకల వెనక వైపు జాలు జెండా గుడ్డలా రెపరెపలాడుతుందని, దాని అంచు నుంచి సుడులు విడిపోతూ శబ్దం పుడుతుందని 2010లో గాలి సొరంగంలో చేసిన పరిశోధన తేల్చింది. శబ్దంలోని వణుకు రెక్కలది. కొట్టుకునే రెక్కలు తోక మీదికి వచ్చే గాలిని తెంపుతూ వదులుతాయి. ఈకలో ఎక్కడ బిగువు ఉండాలో ఎక్కడ వదులు ఉండాలో ఆ అమరిక ఈ వేగానికి సరిపోయేలా ఉంది. పక్షుల సంగీతం గురించి రాసేవాళ్లు కోయిలకూ నైటింగేల్‌కూ ఇచ్చే చోటులో పదో వంతయినా స్నైప్ తోకకు ఇవ్వరు. నా దృష్టిలో అది అన్యాయం. గొంతుతో పాడటం పక్షులన్నీ తాతల నాటి నుంచి చేస్తున్న పనే. తోకతో పాడటానికి కొత్తగా ఒక వాద్యమే తయారు కావాలి.

తక్కిన ఆకాశం స్కైలార్క్‌లది, మెడో పిపిట్‌లది. పిపిట్ కొద్ది ఎత్తు ఎగిరి, తోక పైకెత్తి, గొడుగు దిగినట్టు పాడుతూ దిగుతుంది. స్కైలార్క్ అలా సరిపెట్టుకోదు. వంద మీటర్లు దాటి ఎక్కి, నిమిషాల తరబడి ఊపిరి సలపకుండా పాడుతుంది. ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ, గొంతు ఆపకుండా నిలబడటం ఖరీదైన పని. ఆ ఖర్చే దాని విలువ. 1994లో విల్ క్రెస్‌వెల్ ప్రచురించిన పరిశోధన ఈ మాటకు మంచి సాక్ష్యం. స్కాట్లండ్ తీరంలో మెర్లిన్ అనే చిన్న డేగ తరుముతున్నప్పుడు కొన్ని స్కైలార్క్‌లు ప్రాణభయంతో పారిపోతూ కూడా పాడాయి. బాగా పాడినవాటిని మెర్లిన్ త్వరగా వదిలేసింది. పాడలేకపోయినవాటిని ఎక్కువసేపు తరిమింది, ఎక్కువగా పట్టుకుంది. పరుగులోనూ పాడగలిగే దమ్మున్నదాన్ని వెంటాడి లాభం లేదని డేగకూ తెలుసు.

గాలిలోకి ఎగిరి పాడటం వల్ల కలిసొచ్చేది దమ్ము చూపించుకోవడమొక్కటే కాదు. మూర్ మీద గాలి ఆగదు. నేల దగ్గర గాలి మెల్లగా, పైన వేగంగా ఉంటుంది కనుక ఎదురుగాలిలో వెళ్లే శబ్దం పైకి వంగి, కొంత దూరం తర్వాత నేల మీదున్నవాళ్లకు అసలు వినపడదు. పైనుంచి పాడే పక్షికి ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

మధ్యాహ్నం నది గట్టున నడిచాం. ఇక్కడ సమస్య వేరే. చెట్టు లేకపోయినా నిలబడటానికి బండరాళ్లున్నాయి. కానీ నీటి హోరు అన్నిటినీ మింగేస్తుంది. బండ మీద బొద్దుగా, తెల్లటి రొమ్ముతో, మోకాళ్లు వంచుతూ లేస్తూ నిలబడ్డది డిప్పర్. నీళ్లలో మునిగి, రాళ్ల మీద నడుస్తూ పురుగులను ఏరుకునే పాటపిట్ట ఇది. మునిగినప్పుడు ముక్కు రంధ్రాలకు మూత పడుతుంది. దాని పాట సన్నగా, హోరుకు పైస్థాయిలో సాగుతుంది. దాంతోపాటు తెల్లటి ఈకలున్న కనురెప్పలను ఆర్పుతుంది. వినపడకపోయినా కనపడే సంకేతాలు ఆ రెప్పలూ, ఆ గుంజీళ్లూ. ఆ పక్కనే తోకాడిస్తూ తిరుగుతున్న గ్రే వాగ్‌టెయిల్ మనకూ తెలిసిన జాతే, చలికాలంలో అరకు వాగుల దగ్గర కనిపిస్తుంది.

తిరిగి పైకెక్కేటప్పుడు మా బావమరిది ఒక మంచి మాటన్నాడు. "మా ఆఫీసు వాళ్లమంతా పోయినేడు మొక్కలు నాటాం. ఇంత ఖాళీ జాగా పెట్టుకుని ఇక్కడెవరూ ఎందుకు నాటలేదు?"

ఒకప్పుడు ఇక్కడా చెట్లున్నాయి. వాన కోసిన చోట పీట్ అంచుల్లో బర్చ్ మొద్దులు ఇప్పటికీ బయటపడతాయి. పీట్ అంటే పూర్తిగా కుళ్లని నాచు, గడ్డి పొరలు పొరలుగా పేరుకున్నది. నీటిలో నానుతూ, గాలి తగలక, ఆమ్లంలో ఊరుతూ ఉంటుంది కనుక అందులో పడ్డ పుప్పొడి వేల ఏళ్లయినా చెక్కుచెదరదు. ఆ పుప్పొడిని పొర వెంట పొరగా లెక్కిస్తే అడవి ఎలా పలచబడిందో తెలుస్తుంది. వాతావరణం తేమగా మారి నేల నీరుపట్టింది. రాతియుగం నుంచి మనుషులు నరికారు, తగలబెట్టారు, తర్వాత గొర్రెలు మొలకలను మేశాయి. అలా మిగిలిన మూర్‌లో తీరాల నుంచీ ఉత్తరపు టండ్రా నుంచీ వచ్చే పక్షులకు అనువైన చోటు ఏర్పడింది.

ఆ పక్షుల బతుకు పీట్ తడి మీద ఆధారపడి ఉంది. ఈ నదీ పరీవాహకంలోనే ఉన్న మూర్ హౌస్ పరిశోధన క్షేత్రంలో డరమ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ కూల్సన్ క్రేన్‌ఫ్లై అనే పొడవు కాళ్ల ఈగల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. వాటి లార్వాలు పీట్ పై పొరలో, నాచు కింద పెరిగి, మే, జూన్ నెలల్లో కొద్ది వారాల వ్యవధిలో ఒక్కసారిగా ఈగలై బయటికొస్తాయి. ఈ మూర్‌లోనే గూడు కట్టే గోల్డెన్ ప్లోవర్ అనే పక్షి పిల్లలు గుడ్డు నుంచి బయటపడేది సరిగ్గా ఆ రోజుల్లో. ఆగస్టు బాగా వేడిగా ఉంటే పీట్ పైపొర ఎండి చిన్న లార్వాలు చస్తాయి. మరుసటి వసంతంలో ఈగలు తక్కువ, పిల్లలకు తిండి తక్కువ, ఆ తర్వాతి ఏడాది గూడు కట్టే పెద్ద పక్షులు తక్కువ. దక్షిణాన పీక్ డిస్ట్రిక్ట్‌లో జేమ్స్ పియర్స్-హిగ్గిన్స్, ఆయన సహచరులు 2010లో ఈ గొలుసును లెక్కలతో చూపించారు. ఏప్రిల్‌లో మనం వినే పాటలో రెండేళ్ల కిందటి ఆగస్టు ఎండ కూడా ఉందన్నమాట.

ఇలాంటి చోట చెట్లు నాటితే ఏమవుతుంది? వేళ్ల కోసం కాలువలు తీస్తే పీట్ ఎండుతుంది, అందులో దాగిన కార్బన్ గాలిలో కలుస్తుంది. కాకులకు కూర్చుని గూళ్లు కనిపెట్టే కొమ్మ దొరుకుతుంది, నక్కలకు చాటు దొరుకుతుంది. నేల మీద గుంటలో నాలుగు గుడ్లు పెట్టుకున్న కర్లూకు ఆ కొమ్మే గండం. నార్తంబర్లండ్‌లోని ఆటర్‌బర్న్‌లో 2000 నుంచి 2008 దాకా ఒక ప్రయోగం జరిగింది. నక్కలను, కాకులను, స్టోట్ అనే చిన్న వేట జంతువులను అదుపు చేసినప్పుడు కర్లూ, ల్యాప్‌వింగ్, గోల్డెన్ ప్లోవర్ లాంటి పక్షులు పిల్లలను పెంచడంలో సాధించిన విజయం సగటున మూడింతలయింది.

నక్కలను అదుపు చేసేది ఎవరు? ఎక్కువగా ఎర్ర గ్రౌస్‌ను వేటాడే ధనికుల భూముల్లో జీతానికి పనిచేసే గేమ్‌కీపర్లు. ఆగస్టు 12న మొదలయ్యే ఆ వేట కోసమే హెదర్‌ను తగలబెట్టి లేత చిగుళ్లు పుట్టిస్తారు. అదే మూర్‌ల మీద ఎగిరే హెన్ హ్యారియర్ అనే గద్ద మాత్రం చట్టం కాపాడుతున్నా చస్తోంది. ఉపగ్రహ పరికరాలు కట్టిన 58 హ్యారియర్లలో 72 శాతాన్ని చట్టవిరుద్ధంగా చంపేశారు, లేదా చంపేసి ఉండే అవకాశమే చాలా ఎక్కువ అని 2019లో ఒక అధ్యయనం తేల్చింది. కర్లూ పాట వినపడుతోంది కనుక గేమ్‌కీపర్ చేసేదంతా ఒప్పని అనేవాళ్లతోనూ, అడవి రావాలి కనుక కర్లూ పోతే పోనీ అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. నేలనుబట్టి మాట్లాడాలి. వాగుల ఒంపుల్లో, రాతి వాలుల్లో బర్చ్, జూనిపర్ పెరగనివ్వవచ్చు, నల్ల గ్రౌస్‌కు అవి కావాలి కూడా. లోతైన పీట్ మీద, ల్యాప్‌వింగ్ బీళ్ల మధ్య నాటకూడదు.

ఈ గొడవ మనకు పరాయిది కాదు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేసిన అభయారణ్యంలో చూడాల్సింది చెట్లను కాదు, గడ్డిని. అక్కడ మగ బట్టమేక గొంతు సంచిని గాలితో నింపి కాళ్ల దగ్గరిదాకా వేలాడదీసి, తోక ఎత్తి, నేల మీద నిలబడి మంద్రంగా మూలిగేది. నల్ల గ్రౌస్ పట్టుకున్న దారే అది. వానలు పడ్డాక నేల నెమలి మగది గడ్డిలోంచి మనిషెత్తుకు గెంతి, ఒక్క క్షణం కనపడి, మళ్లీ గడ్డిలో మునుగుతుంది. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్ పేరు పెట్టుకున్న బుష్‌లార్క్ పొలాల మీద ఎగిరి, పాడుతూ జారుతుంది. తరతరాలుగా చెట్టు లేకుండా బతకడం నేర్చుకున్న పిట్టలివన్నీ. వీటిలో బట్టమేక రోళ్లపాడులో దాదాపు కనుమరుగైంది. మన భూముల లెక్కల్లో ఇలాంటి గడ్డి నేలలు చాలాచోట్ల ఇంకా బంజరు ఖాతాలోనే ఉన్నాయి. మొక్కలు నాటే పథకాలకు జాగా వెతికేటప్పుడు అధికారులు ముందు తెరిచేది ఆ ఖాతానే.